గాలి తాగే బండి, ఖాళీ మగ్గం

మోటారుసైకిళ్ళు అమ్మే పనిలోకి కొత్తగా వచ్చిన మిత్రులారా, ముందుగా ఒక ప్రశ్న. మీ ఎదుట నిలబడి, కొత్త బండి ట్యాంకు మీద చెయ్యి వేసి మురిసిపోతున్న మనిషి ఇంట్లో ఇప్పటికే ఏ యంత్రం తిరుగుతోందో మీరెప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. మేమూ అడిగేవాళ్ళం కాదు. పేరడుగుతాం, ఊరడుగుతాం, రంగు ఏది కావాలో అడుగుతాం. ఇంట్లో ఉన్న యంత్రానికీ కొనబోయే బండికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధం నాకు నేతగాళ్ళుండే కొత్తవాడలో, ఒక మగ్గాల షెడ్డులో, ముక్కు పుటాలు మండించే నీలి పొగ మధ్య తెలిసింది. డెబ్బైల చివర హనుమకొండలోని ఒక మోటారుసైకిల్ షోరూములో చేరి, ఉద్యోగ విరమణ వరకు అదే వృత్తిలో ఉన్నవాణ్ణి. హోదాలు ఎప్పుడు పెరిగాయో ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. ఒక బండి కథ చెబుతాను. దాని వల్ల ఉంది.

వకీలు సాబ్

కాలేజీలో తరగతి గది కంటే వాదోపవాద పోటీలే నన్ను ఎక్కువగా తీర్చిదిద్దాయి. ఒకే అంశాన్ని ఉదయం సమర్థించి, మధ్యాహ్నం ఖండించవలసి వచ్చేది. ఆ సాధన నాకు రెండు నియమాలు మిగిల్చింది. నేను నమ్మని మాట ఎదుటివాడికి చెప్పకూడదు. ఎదుటివాడి మాటను పరీక్షించకుండా తలూపకూడదు. ఈ రెండూ పెట్టుకుని దుకాణంలో బండ్లు అమ్మడానికి నిలబడితే ఏమవుతుందో ఊహించండి.

మా యజమాని కాశీనాథం సేటు మొదటి నెలలోనే నన్ను పక్కకు పిలిచాడు. ఒక గుత్తేదారు కొడుకు వచ్చి పెద్ద బండి కావాలంటే, రోజూ ఎంత దూరం తిరుగుతారు, వెనుక ఎవరు కూర్చుంటారు, బ్రేకు మీద ఎంత పట్టుంది అని నేను వరుసగా అడిగేసరికి, అతడు చిరాకుపడి వెళ్ళిపోయాడు.

"అరే, నువ్వు బండ్లమ్ముతానవా, కోర్టుల సాక్షిని జిరా చేస్తానవా?" అన్నాడు సేటు.

"అవసరం తెలియకుండా ఎట్ల అమ్ముదాం సేటూ?"

"అవసరం ఆయన చూసుకుంటడు. నువ్వు తాళంచెవి ఇయ్యి, చాలు. వకీలు సాబ్ అయినవు నువ్వు!"

ఆ పేరు నాకు శాశ్వతంగా అంటుకుంది. సేటు గురించి నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఒక్కసారి చూసిన ముఖాన్ని మరచిపోని మనిషి. మరిపెడ నుంచి వచ్చిన రైతును ఎన్నో ఏళ్ళ తరువాత చూసినా, "మీ ఎడ్లు బాగున్నయా?" అని అడగగలడు. ఆయన లోపం ఒక్కటే. కారణం చెప్పడాన్ని కాలయాపన అనుకునేవాడు. నియమం చెప్పి పంపించేవాడు. దుకాణంలో మా అందరికీ అదే అలవాటు చేశాడు.

బండి దిగిన రోజు

ఆ కాలం మీకు తెలియదు కనుక చెబుతున్నాను. స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలం అది. పెద్ద బండి అంటే ఒకే సిలిండరుతో, గంభీరంగా, దుగ్ దుగ్‌మంటూ పోయే పాతకాలపు బండే. ఎనభైలు వచ్చాక, మా షోరూము ముందు లారీలోంచి ఒక చెక్కపెట్టె దిగింది. మేకులు పీకి పలకలు విప్పాం. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, వెడల్పయిన సీటు, దూర ప్రయాణానికి సరిపోయే పెద్ద ట్యాంకు!

మెకానిక్ చాంద్ భాయ్ కిక్ కొట్టాడు. చౌరస్తాలో రిక్షాలు ఆగిపోయాయి. మిర్చి బస్తాలతో ఎనుమాముల యార్డుకు పోతున్న ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపి, "ఏందన్నా గది, విమానమా?" అని అరిచాడు.

పరీక్షకు నన్నే పంపారు. కాజీపేట రోడ్డు ఎక్కాను. మొదట బండి ఎంతో మర్యాదగా నడిచింది. మూడో గేరులో ఇంకొంచెం రేజు ఇచ్చాను. అంతే! ఒక హద్దు దాటగానే ఆ యంత్రం లోపల మరొక యంత్రం మేలుకున్నట్టయింది. చేతులు ముందుకు సాగిపోయాయి. ఛాతీ మీద గాలి గట్టిగా ఒత్తింది. దారి పక్కన మైలురాళ్ళు ఒకదాని తోక పట్టుకుని మరొకటి పరుగెత్తాయి. నేను నవ్వుతున్నానని నాకు తెలియలేదు. పళ్ళ మధ్యకు దుమ్ము వచ్చాక తెలిసింది.

తిరిగి వచ్చి బండి ఆపాక, పోటీల్లో ఆరితేరిన నా నోట ఒక్క వాక్యం కూడా సరిగా రాలేదు. మాట వచ్చాక మాత్రం ప్రశ్నే వచ్చింది. ఇంత శక్తి ఎవరికి నిజంగా అవసరం?

రైలు ఆగని ఊళ్ళు

జవాబు దసరాకు ముందు వచ్చింది. కొత్తవాడ సదానందం, ఆయన భార్య విమల. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. ఏళ్ళుగా ఒక వ్యాపారి నూలు ఇస్తే, చారల దుప్పట్లు నేసి, కూలి తీసుకుని ఇచ్చేవారు. ఆ ఏడాది వాళ్ళు సొంతంగా నూలు కొన్నారు. అంచులు విమల ఆలోచన: నెమలికంఠం రంగు మీద పసుపు గళ్ళు. వ్యాపారికి కోపం వచ్చింది. అమ్ముడుపోక మళ్ళీ తన గడప తొక్కితే, ఈసారి మగ్గాలు కూడా తన పేరు మీద రాసివ్వాలని కబురు పంపాడు.

కాబట్టి వాళ్ళకు ఉన్నది ఒక్కటే అవకాశం. చలికాలపు సరుకును చిన్న ఊళ్ళ దుకాణదారులు దసరాకూ దీపావళికీ మధ్యనే మాట్లాడుకుంటారు. వ్యాపారి ఏజెంటు బస్సులో తిరిగి అందరినీ ఒప్పించేలోపు, వీళ్ళు తమ దుప్పట్లు చూపించాలి.

"కాజీపేటల రైలెక్కితే సరిపోదా?" అని నేను అడిగాను.

"రైలు పెద్ద ఊళ్ళల్ల ఆగుతదన్నా," అన్నాడు సదానందం. "మా దుప్పట్లు కప్పుకునేటోళ్ళు రైలు ఆగని ఊళ్ళల్ల ఉంటరు."

"అయితే ఒక చిన్న స్కూటరు చాలు కదా?"

దీనికి విమల జవాబిచ్చింది. "స్కూటరు మీద మేమిద్దరం కూసుంటే, మూటలు నడిచి రావాలె. ఆయన తొవ్వ చూస్తడు, నేను బేరం చేస్త. ఇద్దరం పోవాలె, సరుకు పోవాలె, గుట్ట ఎక్కాలె. గిది ఎక్కుతదా, ఎక్కదా? అది చెప్పన్నా."

"ఎక్కుతుంది."

సదానందం తల గోక్కున్నాడు. "ఇంకొకటి కూడా దాస్తలేనన్నా. దీని చప్పుడు మా గల్లీ దాక వినబడ్డది. పేక పోగు అందించేటప్పుడు చెయ్యి ఆగిపోయింది. మనసు పడ్డది."

"పెండ్లిచూపులల్ల నన్ను జూసి గింత మురిసిపోలే," అంది విమల. చాంద్ భాయ్ స్పానరు పక్కన పెట్టి నవ్వాడు.

ఈ పనిలో నా మొదటి తీర్పు ఇది: అవసరాన్ని నిరూపించి, కోరికను దాచకుండా చెప్పినవాడికి బండి నిశ్చింతగా అమ్మవచ్చు. కోరికను అవసరమని నమ్మించబోయేవాడి దగ్గరే మనం జాగ్రత్తగా ఉండాలి.

బండి అప్పగించేటప్పుడు సేటు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు: "సదానందం, కొత్తల బండికి లోడు వెయ్యకు. రేజు ఎక్కువ ఇయ్యకు. మెల్లగ తిప్పి అలవాటు చెయ్యి. ఫికర్ లేదు, పో!"

షెడ్డులో బండి

దసరా నాడు మగ్గాల పక్కనే బండికీ పూజ చేశారు. మరునాడు మిగిలిపోయిన అద్దం బిగించడానికి నేను కొత్తవాడ వెళ్ళాను. గల్లీ మొదట్లోనే చప్పుడు వినబడింది. బండి దగ్గరకు రావడం లేదు, దూరం పోవడం లేదు. ఒకే చోట నుంచి, ఒకే శ్రుతిలో మోగుతోంది. నా అడుగులు వేగం పుంజుకున్నాయి.

షెడ్డులో మగ్గాల వరుస చివర బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టారు. గేరులో ఉంది. వెనుక చక్రం గాలిలో తిరుగుతోంది. గది నిండా నీలి పొగ. సదానందం తండ్రి మల్లయ్య బాపు ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కొత్త మగ్గం చప్పుడు విన్నట్టు వింటున్నాడు.

"ఆపండి! ఆపండి!" అన్నాను.

సదానందం తాళంచెవి మీద చెయ్యి వేసేలోపే శ్రుతి మారింది. ఒక కీచు చప్పుడు. చక్రం టక్కున నిలిచిపోయింది. ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దంలో, పక్కింటి మగ్గం ఆడుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బాపు.

"ఇంజను పట్టేసింది బాపూ. ఎందుకిట్ల స్టాండు మీద తిప్పిన్రు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "కొత్త మగ్గం తెస్తే ఏం జేస్తరు? నూలు ఎక్కియ్యకుంట ఒక పొద్దంత ఖాళీగ తిప్పుతరు. ఇనుము ఇనుముకు అలవాటు పడ్డంక నూలు ఎక్కిస్తరు. మీ సేటు కూడా గదే చెప్పె గదా! లోడు వెయ్యొద్దన్నడు, మెల్లగ తిప్పమన్నడు. మేం ఇద్దరు మనుషులను గూడ ఎక్కియ్యలే. గింత జాగర్త ఎవలు పడ్తరు?"

మిత్రులారా, నేను ఎన్నో వాదనలు విన్నాను. ఇంత లోపం లేని తర్కాన్ని అరుదుగా విన్నాను. మేమిచ్చిన నియమం నుంచి, ఆయనకు తెలిసిన యంత్రం మీదుగా, ఒక్క మెట్టు కూడా తప్పకుండా దిగి వచ్చాడు. మేము చెప్పనిది ఒక్కటే. ఈ ఇంజనుకు నీళ్ళు ఉండవు, ఫ్యాను ఉండదు. ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. నాలుగు గోడల మధ్య నిలబెట్టి తిప్పితే అది తన వేడిలో తానే ఉడికిపోతుంది.

ఇది చెప్పగానే బాపు, ఇంజను చుట్టూ ఉన్న లోహపు రెక్కలను చూశాడు. "అంటే ఇది ఉరికితేనే ఊపిరి తీసుకుంటది. గాలి తాగి బతుకుతది."

"అంతే బాపూ."

"మరి గా ముక్క మొదలే చెప్పొద్దా? పెద్ద సదువులు సదివిన్రు, నోరు లేదా మీకు?"

విమల గోడ పక్కన కట్టి ఉంచిన దుప్పట్ల మూటల వైపు చూస్తూ నిలబడింది. మరునాడు పొద్దున్నే వాళ్ళు బయలుదేరాలి.

సేటుతో వాదన

బండిని సరుకు రిక్షా మీద ఎక్కించి షోరూముకు తెచ్చాం. సేటు విని, "వాళ్ళ తప్పు. మగ్గమనుకున్నరట! కంపెనీ ఎందుకు ఒప్పుకుంటది?" అన్నాడు.

"సేటూ, మీరు నియమం చెప్పిన్రు. వాళ్ళు దాన్ని అక్షరం తప్పకుండా పాటించిన్రు. పాటించినందుకు బండి చెడితే తప్పు పాటించినోళ్ళదా, చెప్పినోళ్ళదా?"

"వకీలు సాబ్, జీతం నా దగ్గర, వకాల్తా వాళ్ళ దిక్కా?"

"మీ దిక్కే. కొత్తవాడల ఎన్ని మగ్గాలున్నయో మీకు తెలుసు. ఈ బండి రేపు కదలకపోతే, గీ బండి కొంటే గింతేనని ప్రతి షెడ్డుల చెప్పుకుంటరు. కదిలితే అదే నోటితో ఇంకో మాట చెప్పుకుంటరు."

సేటు చాంద్ భాయ్ వైపు తిరిగాడు. భాయ్ అప్పటికే సిలిండరు ఎత్తి, పిస్టన్ మీద బొటనవేలు పెట్టి చూస్తున్నాడు. "ఖుదా మెహర్బాన్, సేటూ. పిస్టన్ పట్టుకున్నది గానీ సిలిండరు గోడను కొరకలే. జర సాఫ్ చేసి కొత్త రింగులేస్తే నడుస్తది. కానీ మళ్ళ మొదటి నుంచి మెల్లగ పోవాలె. రేజు ఇచ్చిన్రా, ఖతం."

సేటు తలూపాడు. "సరే, వెయ్యి. వకీలూ, నువ్వు కూడా వాళ్ళెంట పో. దుకాణం పాత బండి తీసుకో. నువ్వు ముందు నడువు, వాళ్ళు నీ ఎనుక రావాలె. బండి తొవ్వల ఆగితే నువ్వు గూడ ఆన్నే ఆగిపో, మళ్ళ ఇటు రాకు."

నా వృత్తి జీవితంలో అందుకున్న అత్యున్నత గౌరవం అదే.

మరిపెడలో

ఒక రోజు ఆలస్యంగా బయలుదేరాం. ముందు నేను, పాత ఒంటి సిలిండరు బండి మీద. వెనుక, విమానమని పేరు పడ్డ ఆ బండి మీద వాళ్ళిద్దరూ, రెండు వైపులా మూటలు. వర్ధన్నపేట దాటేసరికి ఒక స్కూటరు మమ్మల్ని దాటింది. తొర్రూరు దగ్గర పాల క్యాన్లు కట్టుకున్న మోపెడు దాటింది. దాని మీది మనిషి వెనక్కి తిరిగి, "అన్నా, తోయమంటవా?" అని అడిగి మరీ పోయాడు. అద్దంలో సదానందం ముఖం ఎర్రబడటం నాకు కనిపించింది.

మరిపెడలో మొదటి దుకాణదారు దుప్పటి విప్పి, అంచు మీద చెయ్యి నిమిరి, నిట్టూర్చాడు. "మంచిగున్నది చెల్లె. కానీ వ్యాపారి ఏజెంటు నిన్ననే వచ్చిండు. మాటిచ్చిన. ఇప్పుడే ఖమ్మం బస్సెక్కిండు."

బయటికి రాగానే సదానందం బండి ఎక్కి కిక్ మీద కాలు పెట్టాడు. "తప్పుకో అన్నా. ఖమ్మం దాక ఒక్క గుక్కల పోత. వాడు బస్సు దిగేలోపు నేను దుకాణంల ఉంట."

"సదానందం, ఇంజను..."

"ఇంజను కాదన్నా, మగ్గాలు! మగ్గాలు పోతయి! ఉరికే బండి కొన్న, ఉరకొద్దంటవు. మరి ఎందుకు అమ్మినవు?"

ప్రశ్న న్యాయమైనది. జవాబు విమల ఇచ్చింది. మూట సర్దుతూ, గొంతు పెంచకుండా అంది: "బస్సు ఎటు పోతే వాడు అటే పోతడు. మనకేం ఖర్మ, వాని ఎనుక పడుడు? ఖమ్మం తొవ్వ వానికే ఇడిసిపెట్టు. మానుకోట దిక్కు మళ్ళు. బయ్యారం, ఇల్లందు, మణుగూరు, మంగపేట. రోజుకొక్క బస్సు వచ్చే ఊళ్ళకు వాడు ఎప్పుడు పోతడు? అడవి అంచుల చలి గూడ ఎక్కువే."

సదానందం కిక్ మీద నుంచి కాలు తీశాడు. "గీ మాట ఇంట్ల ఎందుకు చెప్పలే?"

"ఇంట్ల బండికి పూజ చేస్తాంటివి, నా మాట ఎవలిన్నరు?"

ఆమె మాటతో నా పాత ప్రశ్నకు పూర్తి జవాబు దొరికింది. ఇలాంటి బండి శక్తి, వేగం చూపే ముల్లు ఎంతవరకు లేచిందన్నదానిలో లేదు. ఇద్దరు మనుషులను, వాళ్ళ బతుకు మూటను ఎత్తుకుని, ఎవరి దారి మీదా ఆధారపడకుండా, తాము కోరిన మలుపు దగ్గర తిరగనివ్వడంలో ఉంది. తిరిగాం.

అడవి దారి

బయ్యారంలో ఒక దుకాణం ఒప్పుకుంది. ఇల్లందులో గని డ్యూటీకి పోతున్న కార్మికులు బండి చుట్టూ మూగారు. బండిని చూడటానికి వచ్చినవాళ్ళకు విమల దుప్పటి సీటు మీద పరిచి చూపించింది. "బండి అమ్మకానికి లేదన్నా, దుప్పటి ఉన్నది!" వాళ్ళ ఉత్సాహం చూసి పక్క దుకాణదారు తానే బయటికి వచ్చాడు. మణుగూరులో రెండో మూట కూడా ఖాళీ అయింది, దుకాణదారు చలికాలానికి ఇంకా సరుకు అడిగాడు. ప్రతి ఊరి బయట బండి ఆపి, నీడన ఇంజను చల్లారనిచ్చాం. సదానందం రెక్కల దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. రోజు రోజుకూ ఇంజను గొంతు మెత్తబడింది. మంగపేట చేరేసరికి అది తడబాటు లేకుండా, నూనె రాసినట్టు తిరుగుతోంది.

ఏటూరునాగారం దాటాక అడవిలో తిన్నని దారి వచ్చింది. టేకు చెట్లు రెండు వైపులా, ముందు ఎవరూ లేరు. నేను పాత బండిని ఎడమకు తీసి, చెయ్యి ఊపాను.

"ఇగ ఇయ్యి సదానందం! రేజు ఇయ్యి!"

ముందు చప్పుడు వచ్చింది. రెండు గొంతులు ఒక్కటై, ఒక్కసారిగా పైకి లేచిన చప్పుడు. తరువాత నా పక్క నుంచి ఒక గాలి పోయింది. విమల కొంగు నడుముకు బిగించుకుని, మొగుడి భుజం పట్టుకుని, పెద్దగా నవ్వుతోంది. ఖాళీ మూటల తాళ్ళు రెండు వైపులా తోరణాల్లా ఎగురుతున్నాయి. మలుపు దగ్గర ఎర్రదీపం ఒక్కసారి మెరిసి మాయమైంది. అడవి అంతా ఆ శబ్దం చాలాసేపు మోగింది. నేను దారి మధ్యలో ఒంటరిగా, చప్పట్లు కొట్టలేక హారను కొట్టాను!

ములుగులో టీ కొట్టు దగ్గర వాళ్ళు నా కోసం ఆగి ఉన్నారు. సదానందం నా చేతిలో తాళంచెవి పెట్టాడు. "ఇక్కడికెళ్ళి నువ్వు నడుపు అన్నా. మేం పాతదాని మీద వస్తం."

"పో అన్నా," అంది విమల. "ఖాళీ మగ్గం నువ్వు తిప్పు. ఈసారి గాలున్నది."

కొత్తవాడ చేరేసరికి మల్లయ్య బాపు గల్లీ మొదట్లో నిలబడి ఉన్నాడు. కొడుకునూ కోడలినీ పలకరించలేదు. ముందు ఇంజను రెక్కల దగ్గర చెయ్యి పెట్టాడు. "మంచిగ తాగిందా గాలి?" అని అడిగాడు. ఆ తరువాత ఖాళీ తాళ్ళు చూశాడు. షెడ్డులోకి వెళ్ళి, మొదటి మగ్గం స్విచ్చు వేశాడు. దాని మీద ఉన్నది వాళ్ళ సొంత నూలు. వ్యాపారి గడప వాళ్ళు మళ్ళీ తొక్కలేదు.

నేను నేర్చుకున్నది

ఆ రోజు నుంచి ఏ బండి అప్పగించేముందైనా, ఇంట్లో ఏ యంత్రం ఉందని ఒక ప్రశ్న అడిగాను. జవాబులు నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపరిచాయి. పిండిగిర్ని నడిపే ఆయన గిర్ని బెల్టు బిగించినట్టే గొలుసును బిగించబోయాడు. గొలుసు కొంచెం వదులుగా ఎందుకు ఉండాలో చెప్పగానే వెంటనే గ్రహించాడు. దర్జీ ఒకాయన పలచటి కుట్టుమిషను నూనె గొలుసుకు పోస్తానన్నాడు. బావి మీద ఆయిలింజను ఉన్న రైతు, మళ్ళీ స్టార్టు కాదేమోనన్న భయంతో, బండిని ఆపకుండా దుకాణం ముందే వదిలి టీ తాగడానికి పోయాడు. వీళ్ళెవరూ అజ్ఞానులు కారు. ప్రతి ఒక్కరూ తనకు తెలిసిన యంత్రం ద్వారానే కొత్త యంత్రాన్ని అర్థం చేసుకుంటారు. నేనైనా అంతే. మీరైనా అంతే.

సేటు కూడా మారాడు. చివరి వరకూ ఒప్పుకోలేదు, కానీ మారాడు. ఒకనాడు ఒక కొత్త కొనుగోలుదారుతో, "ఇది గాలి తాగే బండి, తెలుసా? గోడల నడుమ తిప్పకు" అంటుంటే పక్కగది నుంచి విన్నాను. నేను బయటికి రాగానే, "ఏం నవ్వుతానవ్ వకీలు సాబ్? నేను చెప్పిన మాటే గదా అది!" అన్నాడు.

కాబట్టి మిత్రులారా, వాదన ముగించి నేరుగా అడుగుతున్నాను. రేపు ఉదయం మీ దుకాణం తలుపు తీశాక, వచ్చే మొదటి మనిషితోనే మొదలుపెట్టండి. బండి చూపించేముందు, అతని ఇంట్లో ఏ యంత్రం ఉందో అడగండి. దాన్ని ఎలా చూసుకుంటాడో ఓపికగా వినండి. ఆ తరువాత మీ నియమం చెప్పండి, దానితో పాటే కారణమూ చెప్పండి. చివరగా ఆ కారణాన్ని అతని నోటితోనే మళ్ళీ చెప్పించుకోండి. అతడు చెప్పేదాకా తాళంచెవి ఇవ్వకండి.